కప్ప ఫొటో అచ్చేసే ముందు 'ఎలా తీశారు' అని అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపే వన్యప్రాణుల ఫొటోలకి ఒక పేజీ ఇస్తున్నారు. మా ఇంట్లో పేపర్ రాగానే ముందు తిప్పేది ఆ పేజీకే. దాని గురించే ఈ ఉత్తరం. అరుదైన కప్పల ఫొటోలు వచ్చినప్పుడు, అచ్చుకి పంపే ముందు, తీసినవాళ్ళని 'ఇది ఎలా తీశారు?' అని అడగండి. సరైన జవాబు రాకపోతే పక్కన పెట్టెయ్యండి. ఎక్కడ తీశారన్నది మాత్రం, జవాబు ఎంత బాగున్నా సరే, వెయ్యకండి.

2025 చివర్లో కేరళ నుంచి వచ్చిన వార్త మీ పాఠకుల్లో కొందరికైనా గుర్తుండాలి. గెలాక్సీ కప్ప అని ఒకటుంది. శాస్త్రీయ నామం మెలనోబాట్రాకస్ ఇండికస్. కేరళ, తమిళనాడు వైపు పశ్చిమ కనుమల మీద, ఎప్పుడూ పచ్చగా ఉండే తడి అడవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. వేలి కొసంత ఉంటుంది. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, దాని మీద లేత నీలం చుక్కలు, తొడల దగ్గర నారింజ ఎరుపు. పడిపోయి కుళ్ళుతున్న మానుల కింద, రాళ్ళ కింద, తడి ఆకుల కింద దాని కాపురం. ఆ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపి చెప్పే గుంపులో, ఉన్నది ఈ ఒక్క జాతే. దీనికి దగ్గరి చుట్టాలెవరూ మిగల్లేదు.

రాజ్‌కుమార్ అనే పరిశోధకుడు 2020 మొదట్లో ఒక అడవిలో ఏడు గెలాక్సీ కప్పల్ని చూశారు. ఆ అడవి పేరు నేను రాయను, మీరూ వెయ్యొద్దు. తర్వాత కోవిడ్ వచ్చింది, రాకపోకలు ఆగిపోయాయి. ఆంక్షలు సడలాక మళ్ళీ వెళ్ళి చూస్తే, కప్పలున్న మాను ఉన్నచోట లేదు. ఎవరో పక్కకి దొర్లించారు. చుట్టూ మొక్కలు తొక్కేసి ఉన్నాయి. కప్ప ఒక్కటీ లేదు. అడవిలో జంతువుల జాడ తీసే అక్కడి అటవీ ట్రాకర్లని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆయన లేని రోజుల్లో ఫొటోగ్రాఫర్లు చిన్నచిన్న గుంపులుగా వచ్చారట. దుంగలు తిరగేసి కప్పల్ని పట్టుకున్నారట. చేతులకి గ్లౌజులు లేవు. ఫొటోకి బాగుండే చోటికి మోసుకెళ్ళి కూర్చోబెట్టి తీశారట. అలా చాలాసేపు చేతుల్లో నలిగి రెండు కప్పలు చచ్చిపోయాయని ట్రాకర్ చెప్పాడు. తర్వాత రాజ్‌కుమార్ ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడ మళ్ళీ కప్ప కనబడలేదు.

ఈ వార్త చదివి నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. కారణం, మా వ్యాపారం.

నారాయణగూడలో మాది కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చే దుకాణం. మా మామగారి కాలంలో అది ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళు, బారసాలలు, పాస్‌పోర్ట్ ఫొటోలు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చెయ్యడం, మొహం మీద నీడ ఎటు పడాలో చూసి లైట్లు సర్దడం నాకు ఆయనే నేర్పారు. అందరి జేబుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక స్టూడియో నడవలేదు. మావారూ నేనూ అద్దెల్లోకి దిగాం. తొలకరి పడిందంటే చాలు, మా దగ్గర చిన్న ప్రాణుల్ని దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సులకీ ఫ్లాషులకీ గిరాకీ మొదలవుతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తారు. శుక్రవారం సాయంత్రం తీసుకెళ్తారు, సోమవారం పొద్దున ఆఫీసుకి పోతూ ఇచ్చేస్తారు. ఎక్కడికి బాబూ అంటే మున్నార్ అంటారు, వాల్పరై అంటారు, అగుంబె, అంబోలి అంటారు. అన్నీ పశ్చిమ కనుమల్లోని ఊళ్ళే. వానాకాలంలో కప్పలనీ పాములనీ చూపించే టూర్లు ఇప్పుడు బాగా పెరిగాయి. 'చూపించడం గ్యారంటీ' అని ప్రకటనల్లోనే రాస్తున్నారు. అడవిలో ఎప్పుడు ఏది కనబడుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటిది గ్యారంటీ ఇచ్చారంటే ఏదో ఒకటి తిరగేసి చూపిస్తారనే అర్థం.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. మంచి పిల్లలు. లెన్స్ వెనక్కిచ్చేటప్పుడు ఆ ఉత్సాహం ఆపుకోలేక 'ఆంటీ, ఇది చూడండి' అని ఫోన్ తీస్తారు. అలాగే ఒక సోమవారం ఒకబ్బాయి మూడు ఫొటోలు చూపించాడు. మూడూ వేరువేరు కప్పలు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి గోధుమరంగుది, ఒకటి పసుపు. ఫొటోలు చాలా బాగున్నాయి, అందులో సందేహం లేదు. కానీ మూడింటి కిందా ఉన్నది ఒకే నాచు. ఎడమ అంచున చిన్న చీలిక, దాని పక్కన ఎండిపోయిన గోధుమరంగు ముక్క. మూడింటిలోనూ అదే చీలిక, అదే ముక్క. ఆ నాచు ముక్కని ఎవరో డబ్బాలో పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట. 'ఈ నాచు ఎక్కడిది బాబూ?' అన్నాను. 'గైడ్ తెచ్చాడాంటీ, కప్పని తనే పెట్టాడు' అన్నాడు, అందులో తప్పేముందన్నట్టు. 'మరి తీశాక దాన్ని ఎక్కడ వదిలారు?' అంటే ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఆ విషయం తను చూడనే లేదు. తర్వాతి కప్ప కోసం అందరూ ముందుకి వెళ్ళిపోయారట.

స్టూడియోలో పని చేసినవాళ్ళకి సర్దిన ఫొటో ఇట్టే తెలిసిపోతుంది. మీ డెస్క్‌లో ఫొటోలు ఎంచేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ముందు కప్ప కళ్ళు చూడండి. నల్లటి కంటిపాపలో రెండు పక్కలా రెండు తెల్లటి చతురస్రాలు మెరుస్తుంటే రెండు వైపులా డిఫ్యూజర్ (వెలుతురుని మెత్తబరిచే తెర) కట్టిన ఫ్లాషులు పెట్టి, తీరిగ్గా తీశారని అర్థం. తర్వాత నీటి బొట్లు. వాన కురిస్తే కప్ప మీదా ఆకు మీదా రాయి మీదా ఒకేలా తడి ఉంటుంది, బొట్లు చిన్నాపెద్దా కలిసి ఉంటాయి, కొన్ని జారి చారలవుతాయి. కప్ప వీపు మీద మాత్రమే ఆవగింజల్లా ఒకే సైజు బొట్లుండి, కింద రాయి పొడిగా ఉంటే అది స్ప్రే బాటిల్ పని. మా స్టూడియోలో గులాబీల మీద అలాగే కొట్టేవాళ్ళం. ఇక ఒళ్ళు. మాను కింద, బురదలో, ఆకుల్లో బతికే కప్పకి పొట్ట దగ్గరో కాళ్ళ సందునో కాస్త మట్టి, ఓ ఆకు పొట్టు అంటుకుని ఉండాలి. అద్దంలా శుభ్రంగా ఉందంటే ఎవరో కడిగారు. కూర్చున్న తీరు కూడా చూడండి. పగలు దాక్కునే కప్ప నాచు గుట్ట మీద, అందరికీ కనబడేలా, నేరుగా లెన్స్ వైపు చూస్తూ కూర్చోదు. కదలకుండా ఉండటానికి దాని మీద గిన్నె బోర్లించి, కాసేపయ్యాక తీసి, అది తేరుకునేలోగా ఫొటో తీస్తారు.

ఇవన్నీ కనబడిన ప్రతి ఫొటో వెనకా చచ్చిన కప్ప ఉంటుందని నేననడం లేదు. కానీ అడగాల్సిన ఫొటో అది.

కాసేపు చేత్తో పట్టుకుంటే ఏమవుతుంది అని చాలామంది అంటారు. కప్పకి చర్మం మనలాంటి తొడుగు కాదు. అది చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, ఊపిరిలో కొంత చర్మంతోనే తీసుకుంటుంది. మన చేతికి చెమట ఉప్పు ఉంటుంది, దోమల క్రీము ఉంటుంది, సన్‌స్క్రీన్ ఉంటుంది. చేతికున్న వేడి చాలు వేలి కొసంత ప్రాణికి. గెలాక్సీ కప్పకైతే ఇంకో సంగతుంది. దానికి కర్ణభేరి లేదు. మిగతా కప్పల్లా అరుపులతో పిలుచుకుని కలుసుకునే రకం కాదేమో, ఆ నీలం చుక్కలే ఒకదానికొకటి కబురు చెప్పుకునే పద్ధతి కావచ్చని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. దాని జీవితం గురించి తెలిసింది చాలా కొంచెం. చీకట్లో ఒకదాన్నొకటి చూసుకునే ప్రాణి కళ్ళల్లో వరసపెట్టి ఫ్లాష్ కొడితే దానికి ఏమవుతుందో ఎవరూ కొలవలేదు. కొలవలేదు కాబట్టి కొట్టొచ్చు అనుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పట్టుకోవడం కన్నా దుంగ తిరగెయ్యడం పెద్ద నష్టం. పడిన మాను ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, అంచుల చుట్టూ మట్టి పేరుకుని, లోపల గాలీ ఎండా చొరబడని తడి చోటు తయారవుతుంది. పురుగులు అక్కడికే చేరతాయి, కప్ప వాటిని తిని బతుకుతుంది. ఒకసారి ఎత్తితే ఆ అంచు విరిగిపోతుంది. మళ్ళీ అలాగే పెట్టామంటారు కొందరు. పైకి అలాగే కనబడుతుంది. కింద సందుల్లోంచి గాలి దూరి నేల ఆరిపోతుంది. ఇక ఆ అంచు మళ్ళీ పేరుకోవాలంటే ఎన్ని వానాకాలాలు పట్టాలో.

మనకి ఈ కప్పతో ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. ఉంది. ఈ కప్పని 1878లో లోకానికి చెప్పింది మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్. తిరుమల, కడప వైపు కొండల్లో తప్ప ఇంకెక్కడా పెరగని పెరీత చెట్టుకి సైకాస్ బెడ్డోమి అని ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత గెలాక్సీ కప్ప దశాబ్దాల తరబడి దాదాపు ఎవరి కంటా పడలేదు. 1997లో మళ్ళీ దొరికిందని రాసినవారిలో కార్తికేయన్ వాసుదేవన్ ఒకరు. ఆయన తర్వాత మన హైదరాబాద్‌కే వచ్చారు, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళ అత్తాపూర్ ప్రయోగశాల లాకోన్స్‌కి. ఏడాదంతా భూమిలో ఉండి తొలి వానలకి మాత్రమే పైకొచ్చే ఊదారంగు కప్ప పేరు మీరు వినే ఉంటారు. 2003లో దాన్ని ప్రపంచానికి చెప్పారు. దానికి చెల్లెలి లాంటి రెండో జాతిని 2017లో వర్ణించినవారిలోనూ ఇదే సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. దానికి భూపతి అనే పరిశోధకుడి పేరు పెట్టారు, నాసికాబాట్రాకస్ భూపతి అని. ఆయన 2014లో ఆ కనుమల్లోనే పరిశోధనకి వెళ్ళి ప్రమాదంలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఇలా మనుషులు ప్రాణాలొడ్డి వెతికిన ప్రాణుల్ని మనవాళ్ళు వారాంతంలో వెళ్ళి ఫొటో కోసం చేతులు మార్చుకుంటున్నారు.

అదే సీసీఎంబీలో కప్పల జబ్బు ఒకదాన్ని పట్టుకునే పరీక్ష మీద కూడా పని జరిగింది. కైట్రిడ్ అనే శిలీంధ్రం అది. చర్మానికి పట్టి కప్పని చంపుతుంది. ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు వల్ల 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 పూర్తిగా అంతరించినట్టేనని 2019లో సైన్స్ పత్రికలో లెక్క వచ్చింది. మన దేశంలోనూ ఆ శిలీంధ్రం ఉంది. ఇతర దేశాల్లోలా ఇక్కడ కుప్పలు కుప్పలుగా చచ్చిన దాఖలాలు లేకపోవడం మన అదృష్టం. ఆ శిలీంధ్రం తడిలో, బురదలో బతికుంటుంది. శని ఆదివారాల్లో ఒక కొండ, మళ్ళీ వారం ఇంకో కొండ, అదే బూట్లు, అదే బురద. మా దగ్గరికి తిరిగొచ్చే ట్రైపాడ్ కాళ్ళకి ఎర్రమట్టి గట్టిగా అంటుకుని ఉంటుంది. దాన్ని గోకి, బ్రష్‌తో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ఇంకొకరికి ఇస్తున్నాం. మిగతా అద్దె దుకాణాలవాళ్ళు కూడా ఈ పని చెయ్యాలని మీ ద్వారా కోరుతున్నాను. ఖర్చేమీ లేదు, కాస్త ఓపిక కావాలి.

కెమెరాలే కప్పల్ని మింగేస్తున్నాయని నేననడం లేదు. టీ, ఏలకుల తోటలకోసం నరికిన అడవి, కొండల్ని చీల్చిన రోడ్లు, గతి తప్పిన వానలు, వీటి ముందు ఫొటోగ్రాఫర్లు చిన్న సంగతే. ప్రపంచంలో ఉభయచర జాతుల్లో 41 శాతానికి ముప్పుందని 2023లో తేల్చారు, వాటిలో ఎక్కువ జాతులకి ఉన్న ముప్పు ఆవాసాలు పోవడం. కానీ ఆ పెద్ద ముప్పుల్ని దాటుకుని మిగిలిన చిన్న అడవి ముక్కలో, మిగిలిన ఒక మాను కింద, మిగిలిన ఏడు కప్పలకి ఆఖరి దెబ్బ ఎవరు కొట్టారో చూడండి. వాటిని ఇష్టపడి అంత దూరం వెళ్ళినవాళ్ళు. తోటల్ని వెనక్కి జరపడం నా వల్లా మీ వల్లా కాదు. ఇది అవుతుంది.

చట్టం కూడా దీనికి అనుకూలంగానే ఉంది. అభయారణ్యాల్లోకి ఫొటోల కోసం వెళ్ళడానికి అనుమతి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద ఇస్తారు. 2022 సవరణలో ఫొటోగ్రఫీ అన్నచోట ఆవాసాన్ని ఏమాత్రం మార్చకుండా, ఆవాసానికి గానీ ప్రాణికి గానీ హాని కలగకుండా అని స్పష్టంగా చేర్చారు. దుంగ దొర్లించడం ఆవాసాన్ని మార్చడం కాక ఇంకేమిటి? అయితే అడవిలో చీకట్లో ఎవరు పట్టుకుంటారు? పదిమంది డబ్బున్నవాళ్ళు ఖరీదైన కెమెరాలతో వస్తే, అక్కడి ట్రాకర్ వద్దని ఎలా అనగలడు? పైఅధికారి పేరు చెప్పి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. ఆ భారం మొత్తం అతని మీద వెయ్యడం న్యాయం కాదు. ఫొటో చివరికి చేరేది మీ పేజీకి, పోటీల జడ్జిల దగ్గరికి, ఇన్‌స్టాగ్రామ్‌కి. మెచ్చుకునేది అక్కడే కాబట్టి అడగాల్సింది కూడా అక్కడే. పక్షుల విషయంలో ఇది ఇప్పటికే జరుగుతోంది. గూటి మీద ఉన్న పక్షి ఫొటోల్ని స్వీకరించబోమని చాలా పోటీలు, గ్రూపులు నియమం పెట్టుకున్నాయి.  జనం తాము చూసిన ప్రాణుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో ముప్పున్న జాతి ఫొటో ఎక్కిస్తే, అది దాని చోటుని మ్యాపులో తనే మసక చేసేస్తుంది. కప్పల ఫొటోలకి మన పత్రికలు ఆ మాత్రం చెయ్యలేవా?

ఫొటోలే లేకపోతే ఈ కప్పల గురించి జనానికి ఎలా తెలుస్తుంది అని ఒక ప్రశ్న వస్తుంది. నాకూ ఆ కప్ప అందం తెలిసింది ఫొటోలోనే. అందుకే ఫొటోలు మానెయ్యమని నేననడం లేదు. రాత్రి వానలో చెరువు గట్టున అరిచే కప్పని, కొమ్మ మీద తనంతట తాను కూర్చున్న కప్పని, రెండడుగుల దూరం నుంచి రెండు క్లిక్‌లు కొట్టి వచ్చెయ్యండి. మన అనంతగిరిలో, అమీన్‌పూర్ చెరువు దగ్గర, తొలి వానకి పసుపు పచ్చగా మారే బోదురు కప్పలు ఎన్ని కావాలంటే అన్ని. వాటిని కూడా ముట్టుకోకుండా తీస్తేనే ఫొటో సజీవంగా ఉంటుంది. కానీ దుంగ ఎత్తితే తప్ప కనబడని గెలాక్సీ కప్పలాంటి వాటిని మామూలు మనుషులు ఫొటో తియ్యకూడదు. పరిశోధనకి అవసరమైతే అనుమతి తీసుకున్నవాళ్ళు, చేతికి గ్లౌజు వేసుకుని, త్వరగా ముగించి, పట్టిన చోటే వదిలేస్తారు. ఆ ఫొటోలు చాలు మనకి. ఒక ప్రాణి ఉందని తెలిస్తే చాలదా, ప్రతివాడి ఫోన్‌లోనూ అది ఉండాలా?

మా దుకాణంలో ఈ వానాకాలం నుంచి అద్దె ఫారంలో, ఆధార్ జిరాక్స్, డిపాజిట్ వివరాల కింద, రెండు లైన్లు చేర్చాం. 'దుంగలు, రాళ్ళు ఎత్తను. ఏ ప్రాణినీ చేత్తో పట్టను, చోటు మార్చను.' సంతకం పెట్టాకే మాక్రో లెన్స్. ఒకరిద్దరు నవ్వారు, ఒకతను వేరే దుకాణానికి వెళ్ళిపోయాడు. ఎక్కువమంది మాత్రం 'ఎందుకాంటీ?' అని అడుగుతున్నారు. నేను కోరుకున్నది అదే. నిలబడి పది నిమిషాలు చెబుతున్నాను.

మీ ఫొటోల పేజీ కింద 'ఫొటోతో పాటు మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు పంపండి' అని ఉంటుంది. దాని పక్కన ఇంకో వాక్యం వేయించండి: ప్రాణిని ముట్టుకున్నారా, కదిలించారా, దాని చుట్టూ ఏమైనా మార్చారా రాయండి. ఎడిట్ చెయ్యని అసలు ఫైలు కూడా అడగండి, వరసగా తీసిన ఫ్రేములతో సహా. మొదటి ఫ్రేములో కప్ప నేల మీద, పదో ఫ్రేములో నాచు మీద ఉంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. అనుమానం వచ్చిన ఫొటోలుంటే దుకాణానికి పంపండి. సాయంత్రం ఆరు తర్వాత గిరాకీ తక్కువగా ఉంటుంది, చూసి చెప్తాను. డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
కెమెరాలు అద్దెకిచ్చే దుకాణం యజమానురాలు,
నారాయణగూడ, హైదరాబాద్.